వ్యాపారమున పెద్దరికము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ఉపన్యాసము)



ఒక ఊరిలో పదిమంది కూడి ఒక పని తలపెట్టినప్పుడు మొట్టమొదట పుట్టు ప్రశ్న ‘డబ్బెంత?’ అనునది కాదు. ‘ముందు నిలుచువా రెవరు?’ అనునది. చెరువు పూడిక తీయవలెనన్నను, గుడికి ధ్వజస్తంభ మెత్తవలెనన్నను, గ్రంథాలయమునకు నాలుగు గోడలు లేపవలెనన్నను ఇదియే ప్రశ్న. కొందరి పేరు వినగానే జనులు మొలలోని రొక్కమును బయటికి తీయుదురు. మఱికొందరి పేరు వినగానే తీసిన రొక్కమును తిరిగి మొలలో దోపుకొందురు. ఈ భేదమునకు తెలుగువారు పెట్టుకొన్న పేరు పెద్దరికము. అది వయస్సుతో వచ్చునది కాదు. పండు ముసలివారికిని అది లేకపోవచ్చును. భూవసతితో వచ్చునదియు కాదు. ఊరిలో అందఱికంటె ఎక్కువ పొలమున్న ఆసామి తగవు తీర్చుటకు కూర్చుండగా, ఉభయ పక్షములవారును లేచి మఱియొకని యింటికి పోయిన ఉదంతములు ప్రతి గ్రామమునను ఉండును.

ఈ గుణమును వ్యాపార ప్రపంచమువారు నేడు ‘ఎగ్జిక్యూటివ్ ప్రెజెన్స్’ అని పిలుచుచున్నారు. సంస్థను నడుపువాడు గదిలో అడుగిడినంతనే అక్కడివారికి అతనిపై గుఱి కుదురుట యని దాని తాత్పర్యము. సిల్వియా ఆన్ హ్యూలెట్ అను రచయిత్రి 2014లో ఈ పేరనే ఒక ఇంగ్లీషు గ్రంథమును ప్రకటించి, దీనికి గాంభీర్యము, మాటనేర్పు, వేషము అని మూడంగములు చెప్పెను. మూడింటిలో గాంభీర్యమే ప్రధానమనియు, వేషము కడపటిదనియు ఆమె నిర్ణయము. అయినను నగరములందు దీనిని నేర్పు తరగతులలో వేషమునకు కొదువ లేదు. కోటు రంగు ఎట్లుండవలెను, కరచాలనము ఎంత గట్టిగా చేయవలెను, మాటకు మాటకు నడుమ ఎంతసేపు ఆగవలెను అని పాఠములు చెప్పుచున్నారు. అదంతయు పనికిమాలినదని త్రోసివేయుటకు వీలు లేదు. మాసిన బట్టతోను, తడబడు మాటతోను బ్యాంకు అధికారి యెదుట నిలిచినవానికి అప్పు పుట్టుట కష్టమే. కాని కుర్చీలో కూర్చుండుట నేర్పు గురువులు పెక్కుమంది యుండగా, కుర్చీనుండి లేచుట నేర్పువారు మాత్రము అరుదు. ఆ సంగతి చివర వచ్చును.

పుస్తకములలోని సూత్రములకంటె ఒక సంస్థ పుట్టి పెరిగిన తీరును చూచిన ఈ విషయము తేటపడును. గుజరాతునందు ఆనందు అను పట్టణము కలదు. నాడది ఖేడా జిల్లాలోనిది. నేడు తానే ఒక జిల్లా కేంద్రము. అమూల్ వెన్న పొట్లముగాని, పాలపొడి డబ్బాగాని ఎఱుగని యిల్లు ఈ సభలో ఉండకపోవచ్చును. ఆ సరకు పుట్టిన చోటు అదియే. దానికి పాలు పోసినవారు ఒకటి రెండు గేదెలున్న సామాన్య కాపులు.

1945లో బొంబాయి ప్రభుత్వము ఆ నగరమునకు పాలు చేర్చుటకు ఒక పథకము పెట్టి, ఆనందు ప్రాంతమునుండి పాలు సేకరించు హక్కును పోల్సన్ అను ఖాసగీ సంస్థకు అప్పగించెను. ఆనందునుండి బొంబాయికి సుమారు 425 కిలోమీటర్ల దూరము. నగరములో పాల ధర పెరిగినను, గేదెను మేపిన కాపునకు దక్కునది పెరుగలేదు, నడుమ గుత్తేదారులుండిరి. పాలు ధాన్యము వంటివి కావు. ధర పడిపోయినదని గాదెలో పోసి తాళము వేయుటకు వీలు లేదు. ప్రొద్దున పితికిన పాలు సాయంకాలమునకు విరిగిపోవును. కొనువాడు ఈ సంగతి ఎఱుగును; అమ్మువాడును ఎఱుగును. ఇట్టి బేరమునందు బలహీనుడెవడో వేఱుగ చెప్పనక్కఱలేదు.

కాపులు పోయి సర్దారు వల్లభభాయి పటేలుతో మొఱపెట్టుకొనిరి. సొంతముగ సహకార సంఘము పెట్టుకొనుడనియు, ప్రభుత్వము సమ్మతింపనిచో పాలు పోయుట మానుడనియు, దానికి నష్టమోర్చుకొను సిద్ధము కావలెననియు సర్దారు చెప్పెను. 1946 జనవరి 4వ తేదీన సమర్ఖా గ్రామమున మొరార్జీ దేశాయి సమక్షమున సభ జరిగి, ఊరూర సంఘములు పెట్టవలెనని తీర్మానించిరి. ప్రభుత్వము ఒప్పుకొనలేదు. అంతట పదునైదు దినములు ఖేడా కాపులు గుత్తేదారులకు పాల చుక్క పోయలేదు. బొంబాయి పాల పథకము తలక్రిందులై, అధికారులు ఆనందునకు వచ్చి కాపుల కోరిక నంగీకరించిరి. 1946 డిసెంబరు 14న ఖేడా జిల్లా పాల ఉత్పత్తిదారుల సహకార సంఘము రిజిస్టరయ్యెను.

పూటపూటకు విరిగిపోవు సరకును చేతబట్టుకొని పదునైదు దినములు ఓర్చుకొనుట సామాన్యము కాదు. ప్రతి ఊరిలోను రహస్యముగ ఒక బిందె అమ్ముకొందమను ఆశ పుట్టుట సహజము. ఆ సమ్మెకును, దాని వెనుక వెలసిన సంఘమునకును ఊరూర తిరిగి కాపులను కూడగట్టినవారిలో ముఖ్యుడు త్రిభువనదాసు పటేలు. ఆయన 1903లో ఆనందునందే జన్మించెను. స్వాతంత్ర్యోద్యమమున పలుమాఱులు జైలుకు పోయెను. ఖద్దరు కట్టువాడు, సాధువైన మాట. సభలను ఉఱ్ఱూతలూపు వక్త యని ఆయనకు పేరు లేదు. ఆయనను సంఘాధ్యక్షుని జేసినది సర్దారు మాటయే యైనను, ఊళ్ళలో ఆయన మాట చెల్లుటకు కారణము వేఱు. ‘ఈయన మన సొమ్ము తినడు’ అను ఒక్క నమ్మిక. వ్యాపారమున పెద్దరికమునకు ఇంతకంటె గట్టి పునాది ఇంతవఱకు ఎవ్వరును కనిపెట్టలేదు. కంఠస్వరమును నెలరోజులలో దిద్దుకొనవచ్చును. ఈ నమ్మికకు మాత్రము జీవితములో సగము పట్టును.

అయితే నమ్మిక యొక్కటియే పాలను చల్లబఱుపదు. 1948 జూన్‌లో సంఘము పని మొదలిడినప్పుడు రెండే రెండు గ్రామ సంఘములు, దినమునకు సుమారు 250 లీటర్ల పాలు. ఆ సంవత్సరాంతమునకు 432 మంది కాపులు చేరి దినమునకు 5000 లీటర్లైనవి. పాలు పెరిగినవి, యంత్రములు మాత్రము ప్రభుత్వ క్షీరశాలలో అద్దెకు తీసికొన్న పాతవి. అవి మాటిమాటికి ఆగిపోవుచుండెను. ఒక పూట యంత్రమాగినచో ఆ పూట పాలు పాడగును. పాలు పాడైన, కాపు మరునాడు తిరిగి గుత్తేదారు గుమ్మము త్రొక్కును.

ఇక్కడ రెండవ మనుష్యుడు ప్రవేశించుచున్నాడు. వర్గీసు కురియన్ కేరళమునందలి కోళికోడున 1921లో జన్మించి, మద్రాసులో చదివి, ప్రభుత్వ విద్యార్థి వేతనముపై అమెరికా పోయి వచ్చిన ఇంజనీరు. ఒప్పందమును బట్టి ప్రభుత్వము ఆయనను 1949 మే నెలలో ఆనందునందలి క్షీరశాలకు పంపెను. ఆయనకు ఆ ఊరు రుచింపలేదు. ఒంటరివాడు, క్రైస్తవుడు, మాంసాహారి యగుటచే ఆ శాకాహారుల పట్టణమున ఇల్లు దొరకక, కారు నిలుపు కొట్టములో కాపురముండెను. రాజీనామాలు వ్రాసి పంపుచుండెను. పొద్దుపోక పొరుగుననున్న కాపుల సంఘమువారి పాత యంత్రములను బాగుచేసి యిచ్చుచుండెను. చివరకు విసిగి, ఈ తుక్కును పాఱవేసి క్రొత్త యంత్రము కొనుడని త్రిభువనదాసుతో చెప్పెను. త్రిభువనదాసు ఎదురాడలేదు; అప్పు తెచ్చి క్రొత్త యంత్రమునకు ఆజ్ఞాపత్రము పంపెను. కురియన్ రాజీనామాను ప్రభుత్వ మంగీకరించి, ఆయన మూట కట్టుకొనునప్పుడు, యంత్రము వచ్చి అమరువఱకైన నుండుమని అడిగెను. కురియన్ ఉండెను. ఆనందునకు ఎంతమాత్రము ఇష్టపడని ఆ మనుష్యుడు శేషజీవితమంతయు అక్కడనే గడపెను.

ఈ సంగతిని కొంచెము నిలిచి చూడవలెను. అధ్యక్షుడు ఇరువది యెనిమిదేండ్ల కుఱ్ఱవాని మాట విని అప్పు చేసినాడు. యంత్రములను గుఱించి తనకు తెలియదని ఆయనకు తెలియును. తెలిసినవాడెవడో కనిపెట్టు చూపును ఆయనకు ఉండెను. ‘నాకు తెలియదు’ అని చెప్పిన చిన్నతనమగునని పెక్కుమంది యజమానులు భయపడుదురు. భయపడి, తెలిసినట్లు నటించి, సంస్థను ముంచుదురు. త్రిభువనదాసు పెద్దరికము ఆ అప్పుతో తగ్గలేదు సరికదా, ఆయనపై కాపులకున్న గుఱి కురియన్‌కును సంక్రమించెను. ‘మన అధ్యక్షుడు నమ్మినవాడు’ అన్నదే పరదేశి మేనేజరునకు మొదటి యోగ్యతాపత్రము.

వారిద్దఱి తీరులకు పొంతన లేదు. త్రిభువనదాసు ఊళ్ళలో తలలో నాలుక. కురియన్‌ది కుండ బద్దలుకొట్టినట్లుండు మాట. ఢిల్లీలో మంత్రులయెదుటను, విదేశములందు నిపుణులయెదుటను ఆయన నీళ్ళు నమలలేదు. స్విట్జర్లాండునందలి ఒక పెద్ద సంస్థ అధికారులు పాలను చిక్కబఱచి డబ్బాలలో నింపు పనిని భారతీయుల చేతులకు విడువజాలమనినప్పుడు, తాను లేచి వచ్చితినని ఆయన ఆత్మకథలో వ్రాసికొనెను. తరువాత అమూల్ ఆ సరకును తానే తయారుచేసెను. గుజరాతీ ఆయనకు చక్కగా పట్టువడలేదు. పాల సామ్రాజ్యమును కట్టినవాడు తాను పాలు త్రాగనని చెప్పుచుండెడివాడు. నాయకునకు ఉండవలసిన లక్షణముల పట్టిక ఒకటి చేతబట్టుకొని చూచినచో ఈ యిద్దఱిలో ఒక్కడును ఉత్తీర్ణుడు కాడు. ఊరివారి యెదుట త్రిభువనదాసు, అధికారుల యెదుట కురియన్. ఒకని చోట రెండవవాడు దూరలేదు. పెద్దరికమును అభ్యసింపగోరు యువకులు తమకు లేని గొంతును అరువు తెచ్చుకొనుటకంటె, తమ గొంతు ఎక్కడ పనికివచ్చునో తెలిసికొనుట మేలు.

ఇంతకును ఖేడా కాపు ఈ యిద్దఱిని ఎన్ని పర్యాయములు చూచియుండును? ఏడాదికి ఒకమాఱో, రెండు మాఱులో. సంఘమును మాత్రము దినమునకు రెండు మాఱులు చూచెను. ఉదయమున పాలు తెచ్చి వరుసలో నిలుచును. ముందు వచ్చినవాడు ముందు. ఊరి పెద్ద కాపు భార్య వెనుక వాడనుండి వచ్చిన కూలి స్త్రీయు, ఆమె వెనుక మఱియొక కులమువాడును. పాలు కొలిచి, చిన్న నమూనా తీసి, వెన్నశాతము పరీక్షింతురు. ధర వెన్నశాతమును బట్టి కట్టుదురుగాని ముఖమును బట్టి కట్టరు. నీళ్ళు కలిపినవాని పాలు అందఱి యెదుటను బయటపడును. ఉదయపు పాల సొమ్ము సాయంకాలము, సాయంకాలపు పాల సొమ్ము మరునాటి ఉదయము చేతిలో పడును. సొమ్ము పూట తప్పకుండ చేతికి వచ్చుటయే త్రిభువనదాసు ముఖదర్శనము. నాయకుడు ఎదుట లేనప్పుడు గుమాస్తా చేతిలోని కొలపాత్ర ఎట్లు ప్రవర్తించునో చూచి జనులు ఆ నాయకుని కొలుతురు.

ఈ నమ్మికకు గట్టి పరీక్ష చలికాలమున వచ్చెను. గేదె వేసవిలో ఇచ్చు పాలకంటె చలికాలమున రెట్టింపునకు పైగా ఇచ్చును. బొంబాయి పథకము ఆ మిగులు పాలను తీసికొనజాలదు. ‘నేడు పాలు వలదు, తీసికొనిపొండు’ అని సంఘము ఒక్కనాడు చెప్పినను, సంవత్సరమంతయు కట్టిన గోడ కూలును. తెచ్చిన పాలనెల్ల కొనవలెను. కొన్నదానిని నిలువ చేయవలెను. నిలువ చేయుటకు వెన్నగాను పొడిగాను మార్చవలెను. గేదె పాలను పొడి చేయుట సాధ్యము కాదని విదేశ నిపుణులు తేల్చి చెప్పిరి. వారి దేశములందున్నవి ఆవు పాలు. కురియన్‌తో అమెరికాలో చదివిన హరిచంద్ మేఘా దలాయా అను క్షీరశాస్త్రజ్ఞుడు సాధ్యమని ప్రయోగము చేసి చూపెను. 1954 నవంబరులో రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాదు క్రొత్త కర్మాగారమునకు శంకుస్థాపన చేసెను. 1955 అక్టోబరు 31న, సర్దారు జన్మదినమున, ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ దానిని ప్రారంభించెను. ఖ్యాతి కురియన్‌కు వచ్చినంత దలాయాకు రాలేదు. ఇది పెద్దరికమునకు ఒక చీకటి ప్రక్క: వెలుగు ముందు నిలిచినవానిపై పడును, వెనుక నిలిచినవాని నీడ గోడమీద మాత్రమే కనబడును. కురియన్ తన మిత్రుని పని గొప్పతనమును చెప్పకపోలేదు. వినువారి చెవులు మాత్రము ఒకే పేరును పట్టుకొన్నవి.

1964 అక్టోబరులో ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి ఆనందునకు వచ్చెను. పశువుల దాణా కర్మాగారమును ప్రారంభించుట ఆయన పని. ఆయన మాత్రము ముందు రాత్రి ఒక పల్లెలో సామాన్య కాపు నింట బస చేయుదునని కోరెను. అజర్‌పురా గ్రామమున, పోలీసుల కాపలా లేక, ఆ పొట్టి మనుష్యుడు రాత్రి చాలప్రొద్దు పోవువఱకు ఇల్లిల్లు తిరిగెను. గేదెలెన్ని, పాలెంత, సొమ్ము సరిగా వచ్చుచున్నదా, సంఘములో అన్ని కులములవారును, మతములవారును ఉన్నారా అని అడిగెను. మరునాడు కురియన్‌ను పిలిచి తన సందేహమును చెప్పెను: ఇక్కడి నేల గొప్పది కాదు, వాన గొప్పది కాదు, గేదెలును గొప్పవి కావు, ప్రభుత్వము కట్టిన క్షీరశాలలన్నియు నష్టపడుచుండగా ఇది యెట్లు నిలిచినది? ఇది కాపులదే యగుట తప్ప వేఱు కారణము లేదనియు, తాను వారి జీతగాడననియు కురియన్ బదులు చెప్పెను. దేశమంతట ఇట్టివి కావలెనని శాస్త్రి ఆజ్ఞ. 1965లో జాతీయ పాడి అభివృద్ధి సంస్థ ఏర్పడెను. కురియన్ దానికి అధ్యక్షుడగుటకు ఒప్పుకొనుచు, కార్యాలయము ఢిల్లీలో కాక ఆనందునందే ఉండవలెననియు, తాను కాపుల సంఘము జీతమునే తీసికొందుననియు నిబంధన పెట్టెను.

ఒక దేశపు ప్రధాని ఒక రాత్రియంతయు ప్రశ్నలడిగెనేగాని ఉపన్యసింపలేదు. అడుగుటలో గల పెద్దరికము చెప్పుటలో తఱచు కానరాదు. కురియన్ మాటలోని బలమునకు మూలమును ఇందులోనే కలదు. ‘నేను వారి జీతగాడను’ అనువాడు మంత్రితో మాటాడునప్పుడు తన పదవికొఱకు మాటాడుట లేదని మంత్రికి తెలియును. పోగొట్టుకొనుటకు సొంతలాభము లేనివాని కంఠము తనంతట తానే గట్టిపడును.

1970లో ఆరంభమైన క్షీరవిప్లవముతో ఆనందు పద్ధతి రాష్ట్రరాష్ట్రమునకు వ్యాపించెను. ఆంధ్రదేశపు పల్లెలకును ఆ పద్ధతి వచ్చి, ఉదయమున పాలకేంద్రము ముందు వరుసలు నిలిచినవి. పాల ఉత్పత్తిలో భారతదేశము 1998 ప్రాంతమున అమెరికాను మించి మొదటి స్థానమునకు వచ్చెను. శ్యామ్ బెనెగల్ ‘మంథన్’ చలనచిత్రమును 1976లో తీసినప్పుడు గుజరాతు కాపులు 5 లక్షలమంది తలకు రెండేసి రూపాయలు వేసికొని పెట్టుబడి సమకూర్చిరి.

ఇక కుర్చీనుండి లేచు సంగతి. 1973లో గుజరాతు జిల్లాల సంఘములన్నియు కలిసి సమాఖ్యగా ఏర్పడగా కురియన్ దానికి అధ్యక్షుడై ముప్పది మూడేండ్లు ఉండెను. 2006లో, ఎనుబది నాలుగేండ్ల వయస్సున, జిల్లా సంఘముల ప్రతినిధులతో విభేదములు ముదిరి, ఆ పదవిని విడువవలసివచ్చెను. తాను పెంచిన సంస్థలవారితోనే ఆ కడపటి సంవత్సరములలో ఆయనకు పొసగలేదు. తప్పెవరిదను విచారణ ఇక్కడ అనవసరము. ఆయన చేసిన సేవ చెఱుగునది కాదు. 2012 సెప్టెంబరు 9న ఆయన మరణించినప్పుడు దేశమంతయు శోకించినది. కాని ఒక్కని నీడ అంత పెద్దదైనప్పుడు దాని క్రింద రెండవ చెట్టు ఎదుగుట కష్టము. ఎట్టి అధికారియెదుటను జంకని గొంతు, లోపలివారి గొంతులను వినుటకు ఎప్పుడు తగ్గవలెనో ఎఱుగుట ఎంత కఠినమో ఆ యుదంతము తెలుపుచున్నది. గ్రామములందు సంఘములు, మిల్లులు, దుకాణములు నడుపువారు కురియన్ సాహసమును చదువునప్పుడు ఈ పుటను దాటవేయరాదు.

త్రిభువనదాసు వేఱుగ నడచెను. 1946నుండి తాను మోసిన అధ్యక్షపదవిని, ఎవ్వరును దిగుమనకుండగనే, 1970 దశకపు తొలి యేండ్లలో విడిచెను. సంఘముల సభ్యులు తలకొక రూపాయి చొప్పున పోగుచేసి 6 లక్షల రూపాయల సంచి ఆయనకు సమర్పించిరి. నాటి పాల లెక్కలో ఒక్క రూపాయి చిన్నది. పేదరాలిదైనను, ఆసామిదైనను ఒక్కటే. వరుసలో నిలిచినట్లే రూపాయియు నిలిచినది. ఆయన ఆ సొమ్మును ఇంటికి తీసికొనిపోలేదు. దానితో ఖేడా జిల్లా పల్లెలలోని తల్లులయు, పసిబిడ్డలయు ఆరోగ్యము కొఱకు ఒక ధర్మసంస్థను నెలకొల్పెను. పాలు పోయు సంఘము లున్న ఊళ్ళలోనే, ఆ సంఘముల ద్వారానే, అది పని మొదలిడెను.